ఆఖరి సినిమా చూచు విధానము

సినిమా 'లోగన్'. నిడివి 137 నిమిషాలు. సంగారెడ్డిలో కంపెనీ బస్సెక్కి ఇస్నాపూర్ చౌరస్తా దాటేలోపు మూడో వంతు అవుతుంది. మిగతాది రేపు, ఎల్లుండి. మందుల కంపెనీ గేటు దగ్గర ఫోన్ సెక్యూరిటీకి ఇచ్చెయ్యాలి కాబట్టి క్లైమాక్స్ సరిగ్గా అక్కడే ఆగిపోయేలా చూసుకోండి. ముసలి హీరో వుల్వరిన్ బతుకుతాడా పోతాడా అన్న బెంగ ఉంటే ఎనిమిది గంటల షిఫ్టు ఇట్టే గడిచిపోతుంది.

ప్రపంచాన్ని కాపాడినవాడు అద్దెకారు తోలుకుంటున్నాడని, కళ్ళజోడు లేకుండా చిన్నక్షరాలు చదవలేకపోతున్నాడని నొచ్చుకోకండి. పిడికిలిలోంచి రావాల్సిన ఇనపగోళ్లలో ఒకటి సగంలోనే ఆగిపోతుంది. ఎముకలకు పోసిన లోహమే ఒంటికి విషమైందని పక్కవాడికి వివరించబోతే నవ్వుల పాలవుతారు. నేనయ్యాను. "ఒంట్లకు పోయిన సరుకు యాడికి పోతదన్నా" అన్నాడు, కళ్ళు కూడా తెరవకుండా. మూతపడ్డ కర్మాగారంలో, పక్కకు ఒరిగిన ట్యాంకులో, తొంభై దాటిన గురువుకు మాత్రలు మింగించే సీన్లు వచ్చినప్పుడు మాత్రం కిటికీలోంచి బయటికి చూడకండి. కథ ఏది, రోడ్డు ఏది అని తికమక పడతారు.

ఇక ముగింపు. హీరో పోతాడు. రెండు పుల్లలు కట్టిన సిలువను సమాధి మీంచి అతని వెంట ఉన్న చిన్నపిల్ల పీకి, కొంచెం పక్కకు వాల్చి పెడుతుంది. సిలువ కాస్తా ఇంగ్లిష్ ఎక్స్ అవుతుంది. అంతే. పేర్లు పడ్డాక ఇంకేదో వస్తుందని కూర్చోకండి, రాదు. ఇంత నిండుగా ముగిసిన సూపర్ హీరో కథ నేనింకోటి చూడలేదు. అందుకే ఏడుపంతా ఒకేసారి ఖర్చు పెట్టేశాను. మీరు ఆ తప్పు చెయ్యకండి.

ఎందుకంటే 2017లో పూడ్చినవాణ్ని 2024లో తవ్వారు. 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' మొదలవడమే ఆ గోతి దగ్గర. అస్థిపంజరం తీసి, ఆ ఎముకలతోనే కొట్లాట. హ్యూ జాక్‌మన్ ఇంకో లోకపు వుల్వరిన్‌గా మళ్ళీ డ్యూటీకి వచ్చాడు. పటాన్‌చెరులో పాత ఇనుము కొనేవాడెవడూ దీనికి ఆశ్చర్యపోడు. అంత ఖరీదైన లోహాన్ని మట్టిలో ఎవరు వదిలేస్తారు?

మనవాళ్ల పద్ధతి ఇంతకన్నా సులువు. 1980లో 'సూపర్‌మాన్'గా ఎగిరేనాటికి ఎన్టీఆర్‌కు యాభై ఏడేళ్లు. శక్తి ఆంజనేయుడిచ్చాడు గనుక వయసు గురించి ఎవరూ అడగలేదు. నిజానికి ఆయన ఆఖరి సినిమా బాపు తీసిన 'శ్రీనాథ కవిసార్వభౌముడు', 1993. పంట కృష్ణలో పోయి, శిస్తు కట్టలేక, ఎండలో రాయి మోశాడని చెప్పుకునే కవి పాత్ర. సినిమా ఆడలేదు. కాబట్టి అభిమాని ఎవరైనా అడిగితే అదే ఏడాది అంతకు ముందొచ్చిన 'మేజర్ చంద్రకాంత్' పేరు చెప్పండి. ముగింపు నచ్చకపోతే ఒక రీలు వెనక్కి జరిగి అక్కడే శుభం కార్డు వేసుకోవడం మనకు తెలిసిన విద్యే.

మా ప్లాంటులో ఒక పెద్దాయన రిటైరయ్యాడు. శాలువా, గోడ గడియారం, బంతిపూల దండ. జీపు మీద ఊరేగించాం. అప్పుడూ ఏడ్చాను. సోమవారం పొద్దున అదే గేటు దగ్గర, కాంట్రాక్టర్ లైన్లో, వేరే రంగు హెల్మెట్‌తో నిలబడ్డాడు. రసాయనాలకు వేలి గీతలు అరిగిపోయి, పంచింగ్ మిషన్ రెండుసార్లు ఆయన్ని గుర్తుపట్టలేదు. మూడోసారి వేలు ప్యాంటుకు తుడిచి పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది.

బస్సులో ఆయనకు వుల్వరిన్ సంగతంతా చెప్పాను, చావూ, గొయ్యీ, తవ్వకమూ. శ్రద్ధగా విన్నాడు.

"అయితే మళ్ళ తెచ్చిండ్రన్నట్టు," అన్నాడు. "పాత జీతమే ఇస్తున్నరా?"