నోటి వర్షపాతం

అనంతపురంలో పుట్టినోడికి మిల్లీమీటర్ల లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఏడాదంతా కలిపి సగటున 550 చిల్లర. జూన్ వస్తే వేరుశనగ విత్తాలా వద్దా అని పొద్దున్నే పేపర్లో మండలాల లెక్క వెతుక్కునే జాతి మాది. అదే కొలత ఒకరోజు నా నోటిదాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఇరవై ఏళ్లు వక్క నమిలాను. 2013లో ప్రభుత్వం గుట్కా నిషేధిస్తే, అది నా గురించి కాదన్నట్టు మీసం కూడా తిప్పాను. వక్కలో ఉండే అరెకోలిన్‌కు ఆ తేడా తెలియదట. బుగ్గల లోపలి పొర కింద నార పేరుకుని తాడులా బిగుసుకుంది. 1952లో ష్వార్ట్జ్ అనే ఆయన తూర్పు ఆఫ్రికాలోని అయిదుగురు భారతీయ స్త్రీల నోళ్లలో ఈ జబ్బు చూసి రాశాడు. అంటే నాకు ముందే హెచ్చరిక ఉంది, చదవాల్సింది నేనే. నిలువుగా మూడు వేళ్లు పట్టాల్సిన నోట్లో నాకు ఒక్కటే పట్టింది, అదీ గోరు గీరుకుంటూ. స్కేలు పెడితే 16.

ఆపరేషన్‌లో ఆ పట్టీలు కోసి, బుగ్గలోని కొవ్వునే తెచ్చి అతికారు. బల్ల మీద 37 తెరుచుకుందట. నా నోటి వైభవాన్ని నేను తప్ప అందరూ చూశారు. "కోసేది మా పని, మళ్లీ మూసుకోకుండా చూసేది నీ పని. ఆరు నెలలు తగ్గద్దు" అన్నాడు డాక్టరు.

పని పేరు ఐస్‌క్రీం పుల్లలు. చెంపలకు వేడిగుడ్డ కాపడం పెట్టి, పుల్లల కట్ట పళ్ల మధ్య ఇరికించి, అర నిమిషం ఓర్చుకుని, మధ్యలోకి ఇంకో పుల్ల దూర్చాలి. రోజుకు అయిదారు సార్లు. పన్నెండో పుల్లకే నాకు కళ్లనీళ్లు. అందుకని రాత్రిపూట బ్లేడు తీసుకుని ఒక్కో పుల్లనూ పలచగా చెక్కేవాణ్ణి. మూడు రోజుల్లో పదిహేడుకు చేరాను.

"ఏమయ్యా, పదిహేడు పడతాండాయంటివి. సంగటి ముద్ద చూస్తే గోలీకాయంతే పోతాంది?" అంది మా ఇంటామె. తర్వాత మంచం కింద ఊడ్చింది. చెక్కపొట్టు చాటలో పోసి నా ముందు పెట్టింది, ఏమీ అనలేదు.

అప్పట్నుంచి కొత్త పుల్లలు ఆమె కొంగున. స్కేలు ఆమె చేతిలో. వాన పడ్డ రోజు లెక్క రాసుకునే గోడ కేలండర్‌లోనే నా అంకె కూడా వేస్తోంది.

మొన్న పక్కింటి మామ వచ్చి ఆ కేలండర్ ముందే నిలబడిపోయాడు.

"ఏం అల్లుడూ, నిన్న మీ చేన్లో 24 పడిందా? మా కాడ దుమ్ము గూడా అణగలేదే!"

నా నోట్లో పద్నాలుగు పుల్లలు. తల అడ్డంగా ఊపితే జారిపోతాయి. నిలువుగా ఊపాను.

"ఇంకేం, మంచి పదును. రేపే గొర్రు కట్టు" అంటూ ఊళ్లోకి పరుగెత్తాడు.