అర హెచ్‌పీ దొంగ

మొత్తానికి దొంగ దొరికాడు. హైదరాబాద్ నల్లాల్లో ధార ఎందుకు సన్నబడిందో ఇన్నేళ్లూ ఎవరికీ అంతుపట్టలేదు. వానల్లేవన్నారు, భూగర్భ జలం అడుగంటిందన్నారు, పట్నం పెరిగిపోయిందన్నారు. అసలు నిందితుడు ఎవరో జలమండలి తేల్చేసింది. బస్తీ ఇళ్లల్లో, నల్లా పక్కన, రెండిటుకల మీద కూర్చుని, పాత గోనెపట్టా కప్పుకుని బతుకుతున్నాడు. పేరు మోటరు. ఎత్తు జానెడు. బలం అర హెచ్‌పీ. 2025 ఏప్రిల్ 15 నుంచి గాలింపు. దొరికితే యజమానికి రూ.5,000 జరిమానా, నిందితుడు జప్తు.

దాడి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నీళ్లొదిలే వేళకు సిబ్బంది గల్లీలోకి దిగుతారు. గోడ అవతల గుర్రుమని చప్పుడు.

‘‘అది మోటరు కాద్సారూ, మిక్సీ’’ అంటుంది ఇల్లాలు.

‘‘పొద్దుగాల నాలుగింటికి ఏం రుబ్బుతున్నవమ్మా?’’

అంతటితో గుట్టు రట్టు. వైర్లు తెంపి, గోనెపట్టాతో సహా నిందితుణ్ణి బండెక్కిస్తారు. ఆ తర్వాత విచారణ.

‘‘ఎన్నేండ్ల సంది గుంజుతున్నవ్‌రా నీళ్లు?’’

‘‘నీళ్లెక్కడివి సారూ? మొదటి పావుగంట నేను గుంజేది గాలి. తర్వాత ఎర్ర నీళ్లు. అసలు నీళ్లు మొదలైనంక లైన్‌మన్ వాల్వు తిప్పేస్తడు.’’

‘‘నీ ముఠాల ఇంకెవరున్నరు?’’

‘‘ముఠా ఎందుకు సారూ, మా ఖాందానే గుంజే ఖాందాన్. మా పెదనాయనలు కోదండాపూర్‌ల ఉంటరు. కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్ల అవతలి నుంచి పట్నానికి ఎత్తిపోసేది వాళ్లే. మూడు దశలు కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. మా బాబాయి 2015 నుంచి ఎల్లంపల్లి గోదావరి డ్యూటీల ఉన్నడు.’’

‘‘నోర్ముయ్. వాళ్లు గవర్నమెంటు.’’

‘‘మా మేనమామ గేటెడ్ కమ్యూనిటీల పని చేస్తడు. ఇరవై అంతస్తుల మీదికి నీళ్లు ఎక్కిస్తడు.’’

‘‘ఆయన గుంజేది సంపుల నుంచి. నేరం కాదు.’’

‘‘మా అన్న వెయ్యడుగుల బోరుల ఉన్నడు. ఆయన దిగినంక చుట్టుపక్కల నాలుగిండ్ల బోర్లు ఎండినయ్.’’

‘‘భూమి లోపలి సంగతి. మనకెందుకు?’’

‘‘మా తమ్ముడు ట్యాంకర్లు నింపుతడు.’’

‘‘అది సేవ.’’

నిందితుడికి విషయం అర్థమైంది. ఖాందానంతా చేసే పని ఒక్కటే. మోటరు దొంగ కావాలంటే ఒక్క అర్హత చాలు: యజమానికి సంపు తవ్వుకునే జాగా లేకపోవడం.

ఇక కేసు కట్టడమే తరువాయి. 1908 మూసీ వరద తప్ప ఈ నగరపు జల నేరాలన్నీ ఇతని మెడకే చుట్టొచ్చు. 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ నీళ్లు ఏ మోటరూ లేకుండా పల్లానికి పారి ఆసిఫ్‌నగర్ చేరేవి. ఆ చెరువు ఊరికి చాలకుండా పోవడమూ ఇతని కుట్రే అనుకోవాలి. రోడ్డు మధ్యన పైపు పగిలి నీళ్లు వాగులా పోతుంటే చుట్టూ నాలుగు కొమ్మలు పాతి పోతారే, ఆ పైపును కొరికిందీ ఇతనే. పరారీలో ఉన్న మోటర్లకు లొంగుబాటు పథకం కూడా పెట్టొచ్చు. ఆయుధాలు, అంటే రబ్బరు పైపు, క్లిప్పు అప్పగిస్తే కూలర్లో కొలువు. జనజీవన స్రవంతిలో కలవమని పిలుపిస్తే మోటరు సరేనంది. ఆ స్రవంతి ఏ రోజు వస్తుందో, ఎంతసేపు వస్తుందో మాత్రం ముందే చెప్పమంది.

ఇక నవ్వు చాలు. నల్లాకు నేరుగా మోటరు బిగించడం తప్పే. మొదటి ఇల్లు గుంజితే చివరి ఇంటి బిందె నిండదు. ఖాళీ పైపులో మోటరు తిరిగితే పగుళ్లలోంచి మురుగు లోపలికి వస్తుంది. అయితే పైపును ఖాళీ చేసిందెవరు? చాలా బస్తీల్లో రోజు విడిచి రోజు నీళ్లు, అదీ గంటో గంటన్నరో. మిగతా కాలమంతా పైపు ఖాళీగా పడి ఉంటే, మోటరున్నా లేకున్నా మురుగు దారి వెతుక్కుంటుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్లు తాగి మనుషులు చచ్చిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ పైపుల్ని పట్టించుకోనివాళ్ల నుంచి ఏ బండిలో ఏం జప్తు చేశారు?

నల్లా దగ్గర నీటి ఒత్తిడి ఎంత ఉండాలో కేంద్ర ప్రభుత్వ 1999 మాన్యువల్‌లోనే రాశారు. ఒక అంతస్తు ఇళ్లకు 7 మీటర్ల ఎత్తుకు నీళ్లెక్కేంత, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17. అంత ఒత్తిడి ఉంటే కరెంటు బిల్లు కట్టి మరీ తెల్లవారుజామున మోటరు తిప్పే పిచ్చివాడెవడు? నెలకు 20,000 లీటర్లు ఉచితమని 2021 నుంచి గొప్పగా చెప్పుకుంటున్నారు. నల్లాలో అర బిందె రాని ఇంటికి ఆ సున్నాలన్నీ ఎందుకు? పూరీలో 2021 నుంచే ఇరవై నాలుగు గంటలూ నల్లా నీళ్లు నేరుగా తాగుతున్నారు. జగన్నాథుడి మహిమ అనొద్దు. ఒడిశా ఇంజినీర్లు చేసి చూపించిన పని అది.

చాలినన్ని నీళ్లివ్వకుండా పక్కింటివాళ్లను ఒకరికొకరిని దొంగలుగా మార్చి, ఆ దొంగతనానికి మీరే చలానా రాయడం పాలన అనిపించుకోదు. జరిమానా వెయ్యాల్సిందే అంటారా, వెయ్యండి. మోటర్లు ఎత్తుకెళ్లే బండిలో ఒక ప్రెషర్ గేజీ పెట్టుకుని వెళ్లండి. వైరు తెంపే ముందు అది నల్లాకు బిగించండి. ముల్లు ఏడు మీటర్లు దాటిందా, ఇంటివాడి నుంచి ఐదు వేలు వసూలు చెయ్యండి. దాటలేదా, ఆ ఐదు వేలు మీరే అక్కడికక్కడ ఆ ఇల్లాలి చేతిలో పెట్టి, రసీదు అడిగి తీసుకోండి.