వినేవాడికి లైసెన్సేదీ?

గూఢచారికి కూడా నీతినియమాలు రాసిపెట్టిన చాదస్తులు ఒకప్పుడు ఉండేవారు. బీబీసీ వాళ్లు. 1946లో ‘డిక్ బార్టన్ - స్పెషల్ ఏజెంట్’ అని ఒక రేడియో సీరియల్ మొదలెట్టారు. సాయంత్రం పావుగంట సేపు బ్రిటన్‌లో ఇంటింటా జనం పనులు మానుకుని చెవులు అప్పగించేశారు. పిల్లలు చెడిపోతున్నారని పెద్దలు గగ్గోలు పెట్టేసరికి, బీబీసీ కూర్చుని బార్టన్‌కు రూళ్లు రాసింది. ఎంత గొప్ప ప్రయోజనం కోసమైనా సరే, చట్టం నేరమన్న పని అతను చేయరాదు. యుక్తి పన్నొచ్చు గానీ అబద్ధమాడరాదు. మంచి మాటతో పని కానప్పుడే చెయ్యి ఎత్తాలి.

విడ్డూరం కాకపోతే ఏమిటి! అసలు మనిషే లేడు. ఒక గొంతు, ఒక మైకు, స్టూడియోలో ఎవరో ధడేలున వేసే తలుపు. ఆ మాత్రం వాడికి ఇన్ని కట్టుబాట్లు. 1951లో అతన్ని ఇంటికి పంపించి, ఆ వేళకు ‘ది ఆర్చర్స్’ అనే పల్లెటూరి సంసారగాథ పెట్టుకున్నారు. గూఢచారి ఖాళీ చేసిన చోట పాడిపంటలు!

మన ఆకాశవాణి ఈ విషయంలో బీబీసీ కంటే తెలివైనది. పాడిపంటలతోనే మొదలెట్టింది. ధరవరలు, వరినాట్లు, కుటుంబ నియంత్రణ, ఆదివారం మధ్యాహ్నం నాటకం. ఆ నాటకాలు గొప్పవే, కాదనను. కానీ హంతకుణ్ణి మైకు ముందుకు రానివ్వడమంటే మాత్రం దానికి గుండెదడ. హిందీలో వివిధభారతి ‘ఇన్‌స్పెక్టర్ ఈగిల్’ను వినిపించింది, అదీ ఫ్లాస్కుల కంపెనీ పుణ్యమా అని. తెలుగు డిటెక్టివ్ అద్దె పుస్తకాల షాపులో ఉండేవాడు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, వెంట అసిస్టెంటు రాజు. ఆ తర్వాత మధుబాబు షాడో. నల్లకుంట నుంచి చిక్కడపల్లి దాకా ఎన్ని ఇళ్లలో ఎన్ని లెక్కల పుస్తకాల మధ్య వీళ్లు తలదాచుకున్నారో ఆ ఇళ్ల నాన్నలకు తెలిస్తే ఒక్కడూ పది గట్టెక్కేవాడు కాదు.

ఆ తరం ఇప్పుడు రిటైరైంది. నల్లకుంటలో సాయంత్రాలు శంకరమఠం వైపు నడకకు వస్తోంది. మొన్న ఒక పెద్దాయన ఫోన్‌లో అల్లుడి మీద పితూరీ మొదలెట్టగానే పక్కాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఫోన్ల ఎందుకు సార్, ఇంటికి పోయినంక చెప్పుకోండ్రి.”

“మన మాటలు ఎవరు వింటారండీ! వినేవాడికి వేరే పని ఉండదా?”

“పని లేకనే గద సార్ వినేది!”

షాడో నవలలు నమిలిన నోళ్లు ఇవి. వీళ్లను అనుమానం పిశాచాలని కొట్టిపారేద్దామంటే, 2024 మార్చిలో పంజాగుట్ట పోలీసు స్టేషన్‌లో నమోదైన కేసు అడ్డం వస్తోంది. మావోయిస్టుల ఆనుపానులు కనిపెట్టడానికి పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో నుంచి ప్రతిపక్ష నాయకుల ఫోన్లకు, విలేకరుల ఫోన్లకు, వ్యాపారుల ఫోన్లకు చెవులు మొలిచాయని ఆరోపణ. 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ముక్కలై మూసీ పాలయ్యాయని పోలీసుల కథనం. నిందితులు కాదంటున్నారు. తేల్చాల్సింది కోర్టు, మనం కాదు. యుగంధర్‌కు ఈ కేసు అప్పగిస్తే మాత్రం మూసీ వంతెన మీద నిలబడి సిగరెట్టు వెలిగించి ఒకే ఒక్క సందేహం అడిగేవాడు: “రాజూ, ఆధారాలను నీళ్లలో పారేశారంటున్నారు సరే, ఇందులో నీళ్లెక్కడున్నాయి?”

ఇక్కడ కొత్త తరానికి తెలియని ముచ్చట ఒకటుంది. ఒకప్పుడు రేడియో వినాలంటే మనకు లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసుకు పోయి ఏటా రుసుము కట్టాలి, పాసుబుక్కులో స్టాంపులు అంటించాలి. తనిఖీకి ఎవరో వస్తున్నారని వినబడితే రేడియో మీద దుప్పటి కప్పి పిల్లవాణ్ణి దాని ముందు కూర్చోబెట్టేవారు. వార్తలు, పాటలు, పశువుల గాలికుంటు వ్యాధి మీద ప్రసంగం వినడానికి ఇంత తంతు! 1980లలో ఆ లైసెన్సు ఎత్తేశారు. అది ఏ చట్టం కడుపున పుట్టిందనుకున్నారు? 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. సర్కారు మన ఫోన్ వినడానికి ఇన్నాళ్లూ చూపించిన సెక్షన్ 5(2) కూడా ఆ తల్లి బిడ్డే. సర్కారు మాట మనం వినాలంటే స్టాంపు. మన మాట సర్కారు వినాలంటే ‘ప్రజాభద్రత’ అన్న ఒక్క ముక్క.

అలాగని రూళ్లు లేవనుకోకండి, బార్టన్‌ను మించి ఉన్నాయి. ఫోన్ వినడానికి కట్టుబాట్లు ఉండాలని 1996లో సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో గట్టిగా చెప్పింది. ఆ తర్వాత 419ఎ అని నియమం వచ్చింది. హోం కార్యదర్శి కాగితం మీద అనుమతి ఇవ్వాలి. అది అరవై రోజులు చెల్లుతుంది. ఎంత పొడిగించినా నూట ఎనభై దాటరాదు. పైన ఒక సమీక్షా సంఘం చూడాలి. అవసరం తీరిన రికార్డులను ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలి. కేసులో చెబుతున్నదంతా నిజమే అయితే, ఇన్ని రూళ్లలో మనవాళ్లకు నోటికి వచ్చింది ఆ చివరిదొక్కటే. అందులో మాత్రం ఆరు నెలలు ఆగేపాటి ఓపిక కూడా లేనంత శ్రద్ధ! 2023లో పాత చట్టం స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం చేశారు. బూజు దులిపారు గానీ చెవికి మాత్రం దెబ్బ తగలనివ్వలేదు.

దీన్ని ఏదో ఒక పార్టీ రోగమనుకుంటే పప్పులో కాలేసినట్టే. కుర్చీలో ఉన్నంతసేపూ ‘భద్రత’, దిగిన మర్నాడు ‘గోప్యత’. కుర్చీ మారితే డైలాగులు చేతులు మారతాయి, నాటకం అదే. ఈ గోలలో పదవి వదులుకున్నవారు లేరా అంటే, 1988లో పక్క రాష్ట్రంలో రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ సంగతి మన రాజకీయ నాయకులకు చెప్పి చూడండి, వింత వ్యాధి గురించి విన్నట్టు మొహం పెడతారు.

సర్కారు చెవి పెరిగినప్పుడు డిటెక్టివ్‌కు ఏం గతి పడుతుందో అమెరికా రేడియో ఎప్పుడో చూపించింది. డాషియల్ హామెట్ సృష్టించిన శామ్ స్పేడ్‌ను 1946 నుంచి తలనూనె కంపెనీ ఖర్చుతో జనం చెవులారా విన్నారు. ఇంతలో కమ్యూనిస్టుల వేట మొదలైంది. హామెట్ పేరే స్పాన్సర్లకు చేదైంది. 1951లో కార్యక్రమం మూతపడింది. అదే ఏడాది, జామీను నిధికి డబ్బిచ్చినవాళ్ల పేర్లు చెప్పనన్నందుకు హామెట్ జైలుకు పోయాడు. కుర్రతనంలో పింకర్టన్ ఏజెన్సీలో నిజంగా డిటెక్టివ్ ఉద్యోగం చేసినవాడు! రహస్యాలు లాగడం వృత్తిగా బతికినవాడికి ఒకరి రహస్యం కాపాడటం ఎంత విలువైనదో తెలిసింది. ఆ మాత్రం తెలివి లాఠీ, స్టార్లు, సిగ్నల్ పట్టే యంత్రాలు అన్నీ ఉన్నవాళ్లకు రాకపోవడమే వింత.

నాకు మాత్రం ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న చిరుద్యోగి మీదే జాలి. దేశద్రోహి గొంతు పట్టుకుందామని కూర్చున్నవాడికి పెళ్లిసంబంధాలు, గ్యాసుబండ బుకింగు, మోకాళ్ల నొప్పులు, ఫీవర్ హాస్పిటల్ ఓపీలో క్యూ ఎంతుందన్న ఆరా. ‘ఉంటా మరి’ అన్నాక ఇరవై నిమిషాలు మాట్లాడుకునే జాతి మనది. ఒక్క నల్లకుంట పిన్నిగారి ఫోను నెలరోజులు వింటే అతను తనంతట తానే స్వచ్ఛంద విరమణకు అర్జీ పెడతాడు.

నల్లకుంటకు అడుగు దూరంలో అశోక్‌నగర్ ఉంది. అక్కడి గదుల్లో, సిటీ సెంట్రల్ లైబ్రరీ బల్లల మీద, గ్రూప్-1కు తయారవుతున్న పిల్లలు అర్ధరాత్రి దాకా బట్టీ పడుతున్నారు: గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పింది 2017లో, పుట్టస్వామి కేసులో. ఫోన్ వినడానికి రాష్ట్రంలో అనుమతి ఇవ్వాల్సింది హోం కార్యదర్శి. రేపు డీఎస్పీలు కాబోయేది ఈ పిల్లల్లో కొందరే. హాల్లో సరైన గడి దిద్దినందుకు వాళ్లకు మార్కు వేస్తున్న సర్కారు, ఉద్యోగంలో చేరాక ఆ జవాబు మర్చిపోయినవాడికి ప్రమోషన్ ఇవ్వకుండా ఉంటే అదే పదివేలు.