నీడను చెరిపేసిన సెలవులు

ఛాయా సోమేశ్వరాలయం ఫొటోలోంచి నేను ఛాయనే తీసేశాను. పానగల్లులో పుట్టి, ఆ మండపంలో ఆడుకుంటూ పెరిగినదాన్ని. ఎక్కడెక్కడి నుంచో జనం ఆ నీడను చూడ్డానికే మా ఊరికి వస్తారు. నాకు మాత్రం ఆ దసరాకు అది ఫొటో మీది మరకలా కనిపించింది.

హైదరాబాదులో హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికొచ్చాను. మేనత్త పిల్లలు, పెద్దనాన్న పిల్లలు అంతా దిగారు. ఇక పొద్దస్తమానం ఆటలే. నడింట్లో సుద్దతో గళ్లు గీసి చింతగింజలతో అష్టాచెమ్మా, చీట్లు రాసుకుని రాజు-రాణి-దొంగ-పోలీసు, చీకటి పడ్డాక ఫోన్లో లూడో కింగ్. మొదట్లో నేనూ ఆడాను. ల్యాప్‌టాప్‌లో గింప్ అనే ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్ వేసుకున్నాక మానేశాను. "అక్కా, నీ పందెం" అని తమ్ముడు పిలిస్తే "నువ్వే వేసెయ్" అనేదాన్ని. వాళ్లది కాలక్షేపమనీ, నాది విద్య అనీ గట్టిగా నమ్మాను.

ఫొటోషాప్‌కు నెలనెలా డబ్బు కట్టాలి. గింప్ ఉచితం. 1995లో బర్క్‌లీలో చదువుకుంటూ స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దాన్ని మొదలుపెట్టారు. ఫొటోషాప్ కూడా అంతే, మిషిగన్‌లో పీహెచ్‌డీ చేస్తూ థామస్ నోల్ రాసుకున్న ప్రోగ్రామ్‌లోంచి పుట్టిందే. విద్యార్థులు తయారుచేసిన పనిముట్టు నా చేతికీ లొంగుతుందనుకున్నాను.

లొంగింది. హీల్ టూల్ తీసుకుని, కంట్రోల్ మీట నొక్కి శుభ్రంగా ఉన్నచోట ఒక క్లిక్ ఇచ్చి, మచ్చ మీద రుద్దితే చాలు. గోడ మీది పెచ్చు, ఆకాశంలో కరెంటు తీగ, గడప దగ్గర ఎవరో విడిచిన చెప్పులు, అన్నీ మాయం. కొద్ది రోజుల్లోనే ఏ ఫొటో తెరిచినా, ఇందులో ఏం తీసేయాలా అనే నా కన్ను వెతకసాగింది.

ఆ చూపుతోనే గుడి ఫొటో తెరిచాను. 11, 12 శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి గుడి అది. త్రికూటాలయం. ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్లు. వాటిలో ఒకదానిలో, శివలింగం వెనుక గోడ మీద, స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. పొద్దు కదిలితే నీడ కూడా కదలాలి కదా? కానీ అక్కడికి నేరుగా ఎండ పడదు. మండపం తెరిపి వైపుల నుంచి చెదిరి వచ్చే వెలుతురే లోపలికి చేరుతుంది. గర్భగుడి ముందరి స్తంభాలు దాన్ని కొంత అడ్డుకుంటాయి. వెలుతురు వచ్చే దారులు మారవు కాబట్టి నీడ కూడా మారదు. కట్టినవాళ్లు రాయిని ఎంత లెక్కతో పేర్చారో వెలుతురునూ అంత లెక్కతో పేర్చారు.

ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసే చేశాను. షాడోస్-హైలైట్స్‌తో చీకటిని పైకి లేపాను. జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. చీకటి భాగానికి అడుగునున్న కొన్నే దక్కుతాయి. వాటిని సాగదీస్తే రాయి బయటపడలేదు, ఎర్రవీ పచ్చవీ చుక్కలు తేలాయి. ఆ చుక్కల మీద పక్క గోడ ముక్కలు తెచ్చి క్లోన్ టూల్‌తో అతికించాను. మురిసిపోయి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పెద్దనాన్న ఒక్క మాటే రాశాడు: "నీడేది బిడ్డా?"

అప్పటికైనా ఆగవలసింది. పండగనాడు ఉదయసముద్రం చెరువు కట్ట మీద అందరం దిగిన ఫొటో ఉంది. అందులో నానమ్మ గదవ మీద మూడు చుక్కల పచ్చబొట్టు. హీల్ టూల్‌కు పచ్చబొట్టుకీ మొటిమ మచ్చకీ తేడా తెలియదు. నాకు తెలుసు. అయినా రుద్దాను. కళ్ల కింది ముడతలూ తీసేశాను. ఆ తర్వాత మెనూలో ఓవర్‌రైట్ నొక్కాను. గింప్‌లో సేవ్ అంటే పొరలన్నీ భద్రంగా ఉండే ఎక్స్‌సీఎఫ్ ఫైలు విడిగా తయారవుతుంది. ఎక్స్‌పోర్ట్ అంటే కొత్త జేపెగ్. ఓవర్‌రైట్ అంటే అసలు ఫొటో మీదే రాసేయడం. ఫోన్లో చోటు చాలక అక్కడున్న ఫొటోను అంతకుముందే తీసేశాను.

నానమ్మకు చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"గీమె ఎవరు బిడ్డా? మన చుట్టాలామెనా?"

నువ్వేనని చెబితే గదవ తడుముకుంది. "మా అమ్మ కూసోబెట్టి పొడిపిచ్చింది. సచ్చినంక మనెంబడి వచ్చేది గిదొక్కటే అంటరు. నువ్వెట్ల తీసినవ్?"

కోప్పడలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు పిల్లలతో కలిసి గుడికి పోయాను. ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెట్టాలని పందెం వేసుకున్నాం. ఒక్కొక్కరు ఒక్కో స్తంభం పక్కన నిలబడి నాదంటే నాదని వాదన. నేనూ ఒక స్తంభాన్ని ఎంచుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరి లెక్కా కుదరలేదు. ఆ సెలవుల్లో నేను మనసుపెట్టి ఆడిన ఆట అదే.

కట్ట మీది ఫొటోను ఎడిట్ చేయకముందు మేనత్తకు వాట్సాప్‌లో పంపాను. ఇప్పుడు మిగిలింది ఆ ప్రతే. కుదించుకుపోయింది, పెద్దది చేస్తే మూడు చుక్కలూ కలిసి ఒకటిగా కనిపిస్తున్నాయి. దాన్ని ముట్టుకోలేదు. మళ్లీ ఒక ఫొటో దిగమని నానమ్మను బతిమాలాను. ఒక్కదాన్నే దిగనంది. సంక్రాంతికి అందరూ వస్తే, అదే కట్ట మీద దిగుతానంది.