జనాభా పటం గీసేవాళ్లు వినకూడని ఆరు సలహాలు

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణన లెక్కలు రాగానే శ్రీ సత్యసాయి జిల్లా మీద రంగుల పటాలు బోలెడు వస్తాయి. ఏ మండలంలో జనం పెరిగారో, ఎక్కడ తగ్గారో ఛాయల్లో చూపే ఈ కొరోప్లెత్ పటాలు రేపు బడి పాఠాల్లోకీ, నిధుల అర్జీల్లోకీ, నియోజకవర్గాల వాదనల్లోకీ వెళ్తాయి. అందుకే కింది సలహాలు ఎవరు చెప్పినా వినకండి.

1. “పేర్లతో కలిపేస్తే చాలు.”
పెనుకొండ మనది, పెనుగొండ పశ్చిమ గోదావరిది. ఇంగ్లిషులో రాస్తే ఒక్క అక్షరమే తేడా. ధర్మవరం అనే ఊళ్లు వేరే జిల్లాల్లోనూ ఉన్నాయి. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కల పట్టికనూ హద్దుల ఫైలునూ సెన్సస్ కోడ్‌తోనే కలపండి. ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి. లేదంటే కోడ్ ముందున్న సున్నా పోతుంది, పటంలో ఆ మండలం ఖాళీగా మిగులుతుంది.

2. “మొత్తం జనాభాకే రంగు వేయండి.”
అలా వేస్తే హిందూపురం, ధర్మవరం ఎప్పుడూ ముదురుగానే ఉంటాయి, మార్పు కనిపించదు. రంగు శాతానికి వేయండి, పెరిగిన తలల సంఖ్యను దాని మీద వృత్తంగా చూపండి. చిన్న మండలంలో కొద్దిమంది పెరిగినా శాతం ఎగబాకుతుంది కాబట్టి రెండూ కావాలి. పట్టణాన్ని మండలంలోని పల్లెల నుంచి విడదీయండి. పట్టణం పెరుగుదల కింద పల్లెల తరుగుదల దాగిపోకూడదు.

3. “తరగతులను సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.”
2001 నుంచి 2011కి హిందూపురం పట్టణం సుమారు 1.25 లక్షల నుంచి 1.51 లక్షలకు, అంటే 21 శాతం పెరిగింది. ధర్మవరం 1.03 లక్షల నుంచి 1.22 లక్షలకు, అంటే 18 శాతం. తరగతుల మధ్య గీత 20 శాతం దగ్గర పడితే ఈ రెండు పట్టణాలూ వేర్వేరు రంగుల్లోకి పోతాయి. అర్థమున్న చోట గీత గీయండి. ఒకటి సున్నా దగ్గర, ఇంకొకటి అప్పటి అనంతపురం జిల్లా సగటు 12 శాతం దగ్గర. తగ్గిన మండలాలకు ఒక రంగు, పెరిగినవాటికి మరొకటి వాడండి. ఎరుపు, ఆకుపచ్చ జంట మాత్రం వద్దు, వర్ణాంధత ఉన్నవాళ్లలో చాలామందికి ఆ తేడా తెలియదు.

4. “కొత్త హద్దుల మీద పాత లెక్కలు పోసేయొచ్చు.”
మండలాలు 1985లో వచ్చాయి, శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి విడివడి ఏర్పడింది, పెనుకొండ నగర పంచాయతీకి ఎన్నికలు 2021లో జరిగాయి. హద్దు జరిగితే ఒక్క మనిషి కదలకుండానే పట్టణ జనాభా పెరిగిపోతుంది. ఒకే గ్రామాల జాబితాను రెండు జనగణనల్లోనూ కూడి, ఆ తర్వాతే శాతం కట్టండి.

5. “ఇంక్‌స్కేప్‌లో చేత్తో రంగులు దిద్దుకోవచ్చు.”
చేత్తో మార్చిన మరుక్షణం రంగుకూ లెక్కకూ సంబంధం తెగిపోతుంది. రంగులన్నీ క్యూజీఐఎస్‌లోనే తేల్చుకుని ఎస్‌వీజీగా పంపండి. ఇంక్‌స్కేప్‌లో అక్షరాలు, సూచిక, అంచులు మాత్రమే సర్దండి. లెక్క మారితే మళ్లీ మొదటి నుంచి రండి.

6. “పక్కనే కారణం కూడా రాసేయండి.”
ఇదే అన్నిటికన్నా ప్రమాదం. పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. 2001–2011 పటంలో పెనుకొండ పక్కన కియా పేరు రాస్తే అది అబద్ధం. పైగా 2011లో గణకులు ఇల్లిల్లూ తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. వేరుశనగ ఇల్లు చేరాక కూలికి బెంగళూరు పోయే కాలం అది. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లు ఎక్కడుంటే అక్కడే లెక్కకెక్కుతారు. అందువల్ల లేత రంగు మండలాన్ని చూసి అక్కడ పుట్టుకలు తగ్గాయనడానికి లేదు, ముదురు రంగు చూసి పనులు పెరిగాయనడానికీ లేదు. ఎవరు ఎక్కడి నుంచి, ఎందుకు వచ్చారో జనగణన డి వరుస వలస పట్టికల్లో ఉంటుంది. అవి చూసి మాట్లాడండి.

పటం కింద నాలుగు విషయాలు రాయండి: ఏ రెండు సంవత్సరాలు, ఏ నాటి హద్దులు, తరగతుల గీతలు ఎక్కడ, అవి అక్కడే ఎందుకు. ఆ నాలుగూ ఉంటే మడకశిరలోనో ముదిగుబ్బలోనో ఉన్న మనిషి తన మండలం రంగు సరైనదో కాదో తానే లెక్కగట్టి అడగగలుగుతాడు. ఆ హక్కు ఆయనకు ఇవ్వని పటాన్ని ప్రచురించకండి.