కొత్త కార్డు, పాత డబ్బా

పాత కంప్యూటరుకి కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టడమంటే కార్డు ఒక్కటి కొంటే సరిపోతుందని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారు. మా మేనల్లుడు వాళ్లలో అగ్రగణ్యుడు. "ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటి పడేస్తే చాలు మామయ్యా, సైబర్‌పంక్ గేము పరిగెడుతుంది" అన్నాడు. పడేసేవి నా డబ్బులు కదా, వాడికేం!

మా ఇంటిల్లిపాదీ 'సీపీయూ' అని పిలుచుకునే ఆ డబ్బా 2014 నాటిది. నాలుగో తరం ఐ5, నాలుగే కోర్లు. పక్క మూత విప్పితే ఫ్యాను రెక్కల నిండా దుమ్ము, ర్యామ్ పక్కన కాళ్లు పైకెత్తి ప్రాణాలు విడిచిన ఒక బొద్దింక. దాన్ని సగౌరవంగా సాగనంపి టేపుతో కొలిచాం. మూడు ఫ్యాన్ల కార్డు పట్టాలంటే హార్డ్‌డిస్కు గూడు ఖాళీ చేయాల్సిందే.

అసలు కొత్త కార్డంటే సంక్రాంతికొచ్చిన కొత్త అల్లుడే. కోరికల చిట్టా లేకుండా గడప తొక్కడు. 3060కి 170 వాట్లు కావాలి. మదర్‌బోర్డు స్లాటు పెట్టగలిగేది 75 వాట్లు. మిగతాది డబ్బాలో కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు లాగి పెట్టాలి. మా ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన సరుకు. 450 వాట్లని స్టిక్కరుంది గానీ, ఆ మాట అతికించినవాడు కూడా నమ్మి ఉండడు. కార్డుకేమో హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టు. మా మానిటరుకి తెలిసిందల్లా నీలం మూతి వీజీఏ కేబులే. ఇవన్నీ సమకూర్చినా, ప్రాసెసరు అందించలేక రొప్పుతుంటే అల్లుడుగారు కాళ్లు చాపుకుని కూర్చుంటారు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారైన సీటీసీలో ఒక షాపు కుర్రాడు మా జాబితా అంతా విని, "సార్, మీరు కార్డు కొంటలేరు, కొత్త సిస్టం కొంటున్నరు" అని తేల్చేశాడు.

సెకండ్ హ్యాండ్ కథ వేరు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ పద్ధతి మార్చుకుని గ్రాఫిక్స్ కార్డులతో పని లేదనేసరికి, రేయింబవళ్లు మైనింగ్ చేసిన కార్డులు బజారున పడ్డాయి. అమ్మేవాళ్లది మాత్రం ఒకటే పాట: "ఆదివారాలు గేమింగ్‌కే వాడినం సార్." ఆ లెక్కన ఈ దేశంలో మైనింగ్ ఎవరూ చేయనే లేదు!

చివరికి తెచ్చింది జీటీఎక్స్ 1650. 2019 నాటిది, 4 జీబీ. మేం ఎంచుకున్న మోడలు స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే సరిపెట్టుకుంటుంది, వేరే వైరు అడగదు. మానిటరుకి ఒక కన్వర్టరు తగిలించాం. జీటీఏ 5 హాయిగా ఆడుతోంది. సైబర్‌పంక్ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

మీరూ కొనబోతుంటే ముందు డబ్బా మూత విప్పి జాగా కొలవండి, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కరు చదవండి, మానిటరు వెనక చూడండి. మా మేనల్లుణ్ని మాత్రం సలహా అడక్కండి. వాడిప్పుడు ఆర్‌టీఎక్స్ 5090 వీడియోలు చూస్తున్నాడు. అది ఒక్కటే 575 వాట్లు.