చూడుము: క్లాజు 9.4

మా పెద్దసారుకి టెండరు డాక్యుమెంటు ప్రింటుకి పోయే ముందే ఆలోచనలు పుడతాయి. "అంతా బాగుందయ్యా, మూడో క్లాజు ముందు ఇంకో చిన్న క్లాజు పెట్టండి, చాలు" అంటారు. చిన్నదే. కానీ అది వచ్చి మూడో నంబరు లాక్కోగానే పాత మూడు నాలుగవుతుంది, నాలుగు అయిదవుతుంది, అలా చివరిదాకా.

హెడింగుల నంబర్లు కంప్యూటరే సర్దుతుంది, పాపం. లోపల ఎవరో చేత్తో కొట్టిన "ఆలస్యానికి జరిమానా: క్లాజు 9.4 చూడుము" జోలికి మాత్రం పోదు. జరిమానా 10.4కి కాపురం మార్చేసింది. ఇప్పుడు 9.4లో ఉన్నది కూలీలకు మంచినీటి ఏర్పాటు. అంటే పని ఆలస్యమైతే కాంట్రాక్టరు నీళ్లు పోయాలన్నమాట. ఏ కాంట్రాక్టరైనా ఈ శిక్షకి సంతోషంగా సంతకం పెడతాడు.

దీనికి మందు వర్డ్‌లోనే ఉంది. నంబరు కొట్టకుండా రిఫరెన్సెస్ ట్యాబులోకి వెళ్లి, క్రాస్ రిఫరెన్స్ నొక్కి, కావలసిన హెడింగు ఎంచుకోవాలి. వర్డ్ ఆ హెడింగుకి మన కంటికి కనబడని ఓ బుక్‌మార్కు తగిలించి, ఇక్కడ నంబరు బదులు ఫీల్డు పెడుతుంది. హెడింగు ఎక్కడికి పోయినా జాడ తెలుస్తుంది. తెలిసినా చెప్పదు, అదీ దాని గుణం. కంట్రోల్ ఏ కొట్టి, ఎఫ్ నైన్ నొక్కి అడిగితేనే చెబుతుంది. అప్పుడు కూడా హెడర్లలోవి, టెక్స్ట్ బాక్సుల్లోవి విడిగా అడగాలి. మన గవర్నమెంటు ఆఫీసుల్లో ఒక కౌంటరు సంగతి పక్క కౌంటరుకి పట్టనట్టే.

హెడింగుని ఎవరైనా చెరిపేస్తే ఇంకో వేడుక. నంబరుండాల్సిన చోట "ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్" అని లావుపాటి అక్షరాల్లో అచ్చవుతుంది. నన్నడిగితే ఇదే నయం. తప్పు నంబరు పెద్దమనిషిలా కూర్చుంటుంది, ఎవరూ అనుమానించరు. ఈ ఎర్రర్ కనీసం అరుస్తుంది. ఆ అరుపు భరించలేక కొందరు తెలివైనవాళ్లు కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్ నైన్ కొడతారు. దాంతో ఫీల్డులన్నీ మామూలు అక్షరాలైపోతాయి. ఇక జన్మలో మారవు.

ఎఫ్ నైన్ లేని రోజుల్లోనే ఈ గొడవ కనిపెట్టినవాళ్లు మన రాజ్యాంగం రాసినవాళ్లు, దిద్దినవాళ్లు. నంబర్లు జరపనే జరపరు. 2002లో విద్యాహక్కు చేర్చాలంటే 21కీ 22కీ మధ్య 21ఏ అని ఇరికించారు. 1978లో ఆస్తిహక్కు తాలూకు 31ని తీసేశారు గానీ, ఆ ఖాళీ అలాగే ఉంది. దాని తోకలు 31ఏ, 31బి, 31సి ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. చూడ్డానికి అతుకులబొంతే, కానీ పాత తీర్పుల్లో "ఆర్టికల్ 21" అన్నది ఈనాటికీ ఆర్టికల్ 21కే పోతుంది.

ఐపీసీ కూడా 1860 నుంచి అలాగే 498ఏ, 304బి అంటూ నెట్టుకొచ్చింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చి నంబర్లన్నీ మొదటినుంచీ వేసింది. హత్య 302 నుంచి 103కి పోయింది. మోసం 420 నుంచి 318లో నాలుగో ఉపసెక్షనుకి చేరింది. చట్టం మారింది సరే, జనం నోళ్లకి ఎఫ్ నైన్ ఎవరు నొక్కాలి? "వాడొట్టి త్రీ ఎయిటీన్ ఆఫ్ ఫోర్" అంటే ఏ మోసగాడికి రోషం వస్తుంది? పైగా కొత్త సంహిత 358తోనే అయిపోతుంది. అందులో 420 అనే సెక్షనే లేదు.

ఈ సంగతి పెద్దసారు చెవిన వేశాను. కాసేపు ఆలోచించి, "మన డాక్యుమెంటులో తప్పుడు ధ్రువపత్రాలిస్తే ఐపీసీ 420 కింద చర్య అని ఎక్కడైనా ఉందేమో చూడండయ్యా" అన్నారు.

ఉంది. చేత్తో కొట్టిందే.